200 డాలర్లలో జింకల వేటకు బైనాక్యులర్

తమ్ముడూ, టెక్సాస్ హిల్ కంట్రీలో మొదటిసారి జింకల వేటకు వెళ్తున్నానని, 200 డాలర్లలో 8×42 కొనాలా 10×42 కొనాలా అని అడిగావు. 8×42 తీసుకో. ఇందులో మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో.

అక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు వేటాడొచ్చు. తెల్లతోక జింకలు ఎక్కువగా బయటికొచ్చేది ఆ మసక వెలుతురులోనే. 42ని 8తో భాగిస్తే 5.25. అంటే 5.25 మిల్లీమీటర్ల వెడల్పున వెలుగు కంటికి అందుతుంది. 10 రెట్లదైతే 4.2 మాత్రమే, పైగా చేతి వణుకు ఎక్కువగా తెలుస్తుంది. పొదల మధ్య నుంచి వెతకడానికి విశాలంగా కనిపించడం ముఖ్యం, అది 8 రెట్లదానిలోనే ఎక్కువ.

మన్నిక కావాలంటే నీళ్లు చొరబడనిది, లోపల నైట్రోజన్ నింపినది, రబ్బరు తొడుగున్నది చూడు. చలిలో లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు. చవక జూమ్ మోడళ్ల జోలికి వెళ్లొద్దు. వోర్టెక్స్ కంపెనీ క్రాస్‌ఫైర్ హెచ్‌డీ మోడల్ నీ బడ్జెట్‌లో వస్తుంది, జీవితకాల వారంటీ ఉంది, బిల్లు కూడా అడగరు.

ఒక్కటి మాత్రం మరవకు: తుపాకీకి బిగించిన స్కోప్‌తో చుట్టుపక్కల వెతకొద్దు. అటు మనిషి ఉంటే తుపాకీ గొట్టం అతని వైపే తిరుగుతుంది. ముందు బైనాక్యులర్‌తోనే చూడు.