పాఠకుల ప్రశ్నలు: ఒంటి మీద మల్లె సెంటు

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో మల్లె సెంటు కొన్నాను. కొట్టగానే నిమ్మతొక్క వాసన వచ్చింది. అరగంట తర్వాతే మల్లె తెలిసింది. సాయంత్రానికి ఉతికిన బట్టల వాసన ఒక్కటే మిగిలింది. నకిలీదంటారా? పైగా జడలో పెట్టుకున్న మల్లెల్లా అస్సలు లేదు.
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు చెప్పిన వరస చూస్తే అనుమానించాల్సిన పని లేదు. పూల సెంటు నడవాల్సిన తీరే అది. సీసాలో అన్నీ కలిసి ఉన్నా చర్మం వేడికి తేలికవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి ఆగుతాయి. స్పిరిట్ కొన్ని సెకన్లలో పోతుంది. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు బెర్గమాట్, నిమ్మ లాంటి తొక్కల నూనెలదే రాజ్యం. దీన్నే టాప్ నోట్ అంటారు. అవి సద్దుమణిగాక మల్లె వాసనలోని బెంజైల్ ఎసిటేట్ తెలుస్తుంది, కాస్త అరటిపండు కలిసిన తీపి. దాని వెనకే మల్లెలో ఉండే మరో పదార్థం, ఇండోల్. ఇండోల్‌ను విడిగా, చిక్కగా వాసన చూస్తే కలరా ఉండలే గుర్తొస్తాయి. అదే అతి కొద్దిగా కలిస్తే రాత్రి మల్లెల మత్తు వస్తుంది. ఇండోల్ బాగా తగ్గించిన సెంటు శుభ్రంగా ఉంటుంది గానీ మల్లె సగమే అనిపిస్తుంది. చివరి గంటల్లో మిగిలేది చందనం, మస్క్ (కస్తూరి తరహా వాసన). బట్టల సబ్బుల్లోనూ ఈ రకం మస్కులే వాడతారు కాబట్టి మీకు ఉతికిన బట్టలు గుర్తొచ్చాయి.

ఇక జడలోని పూల సంగతి. మైలవరం నుంచి వచ్చే మల్లెమొగ్గ కోశాక కూడా బతికే ఉంటుంది. సాయంత్రం విచ్చుకుంటూ గంట గంటకూ కొత్త పరిమళాన్ని తయారుచేస్తూ ఉంటుంది. సెంటు ఏమీ తయారుచేయదు, ఉన్నదాన్ని ఖర్చుపెడుతుంది. అందుకే తాజా మల్లెను అచ్చంగా దించడం ఎంత ఖరీదైన సెంటుకైనా కష్టం. పైపై నిమ్మ మీకు నచ్చకపోతే ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ మల్లె అత్తరు చూడండి. పూల ఆవిరిని చందనం నూనెలోకి పట్టి తీసేది కావడంతో స్పిరిట్ ఉండదు, మొదటి క్షణం నుంచే పువ్వు తెలుస్తుంది. కాకపోతే దూరానికి వ్యాపించదు, ఒంటికి దగ్గరగానే ఉంటుంది. చందనానికి బదులు చవక నూనెలు కలిపినవీ అమ్ముతారు, ధర మరీ తక్కువైతే జాగ్రత్త.

ప్రశ్న: మే నెలలో ఎంత కొట్టుకున్నా అరగంటకే వాసన పోతోంది. ఆఫీసులో పక్కవాళ్లు మాత్రం గుప్పున కొడుతోందంటారు. ఇంకా ఎక్కువ కొట్టనా?
– ఓ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దండీ, మీ ముక్కు దానికి అలవాటు పడిపోయింది. మెడ మీద కొట్టుకుంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కొన్ని మస్కులైతే కొందరికి పుట్టుకతోనే తెలియవు, పక్కవాళ్లకు తెలుస్తాయి.

నలభై డిగ్రీల ఎండలో సెంటు త్వరగా ఆవిరయ్యే మాట నిజమే. పొడి చర్మం మీద మరీ త్వరగా పోతుంది. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, వాసన లేని లోషన్ గానీ కొద్దిగా వ్యాజిలిన్ గానీ రాసి, జానెడు దూరం నుంచి రెండే రెండు స్ప్రేలు కొట్టండి, మోచేతి మడతల్లో ఒక్కొక్కటి. మణికట్లు రుద్దకండి, పైపై వాసన తొందరగా పోతుంది. చెమట మీద మాత్రం కొట్టొద్దు, రెండు వాసనలూ కలిసి పులిసినట్టు ఉంటుంది.

ప్రశ్న: తెల్ల లాల్చీ మీద సెంటు పడిన చోట గోధుమరంగు మచ్చ వచ్చింది. మెడ మీద కూడా నల్లని చార కనిపిస్తోంది. రెండింటికీ కారణం ఒకటేనా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదు. బట్ట మీది మచ్చ ఇండోల్, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ వల్ల వచ్చి ఉండొచ్చు. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ఈ రెండూ రంగు తిరుగుతాయి. తెల్లవాటి మీద, పట్టు మీద నేరుగా కొట్టకండి.

మెడ మీది చారను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బెర్గమాట్ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది, ఆ నలుపు నెలల తరబడి ఉండొచ్చు. ఇప్పుడు పెద్ద కంపెనీలు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడతాయి, లేదా మోతాదు బాగా తగ్గిస్తాయి. విడిగా సీసాల్లో పోసి అమ్మే నూనెలకు ఆ భరోసా లేదు. వెంటనే ఆపేసి చర్మవైద్యుడికి చూపించండి. ఎండలోకి వెళ్లే రోజు సెంటు బట్టలు కప్పే చోటే పెట్టుకోవాలి.

ప్రశ్న: ఓ ద తువాలెట్, ఓ ద పర్ఫమ్... ఏది కొనాలి?
– ఓ పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మొదటిదాంట్లో సువాసన నూనెల వంతు సుమారు 5 నుంచి 15 శాతం, రెండోదాంట్లో 15 నుంచి 20. చట్టం గీసిన గీతలు కావివి, కంపెనీని బట్టి మారుతుంటాయి. మల్లె, సంపెంగ లాంటి బరువైన పూలకు మన వేసవిలో మొదటిదే హాయి. పేరు ఏదైనా అట్టముక్క మీద వాసన చూసి డబ్బు కట్టకండి. అట్టకు ఒంటి వేడి ఉండదు. ఒక చేతి మీద ఒకే రకం కొట్టించుకుని, బజారు పని చూసుకుని మూడు గంటల తర్వాత వాసన చూడండి. అప్పటికీ నచ్చితే చిన్న సీసా తీసుకోండి. దాన్ని బాత్రూములోనో కారులోనో కాక, అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టండి. వేడికీ వెలుతురుకీ ముందు పాడయ్యేవి తొక్కల నూనెలే.