పీచు ఫ్యాక్టరీ పెడతానన్న అల్లుడికి

చి. సతీష్‌కి మావయ్య ఆశీస్సులు.

మూతపడ్డ కొబ్బరి పీచు ఫ్యాక్టరీని లీజుకి తీసుకుంటానని రాశావు. "ఉన్న ఉద్యోగం మానేసి వీడికిదేం బుద్ధి" అంది మీ అత్త. నేననను. ముప్పై ఏళ్లు అంబాజీపేట దగ్గర లేత్ షాపు నడిపినవాణ్ణి, మిషన్లంటే నాకూ పిచ్చే.

దేశ జీడీపీలో తయారీ రంగం వాటా 2022 కల్లా 25 శాతం చేస్తామని 2011లో పాలసీ పెట్టారు, అందుకోలేదు. ఆ లెక్కలు ఢిల్లీవాళ్లు చూసుకుంటారు. మన చుట్టుపక్కల మాత్రం మిషన్ చెడి మూతపడ్డ షెడ్డు నేనొక్కటీ చూడలేదు. సరుకెళ్లింది, డబ్బు రాలేదు, కరెంటు బిల్లు పేరుకుంది. ఓ పెద్ద పార్టీ రైస్ మిల్లు షాఫ్టులు అరువు మీద పట్టుకెళ్లి, ఆర్నెల్లు "వచ్చే వారం" అంటూ తిప్పితే మీ అత్త గాజులు తాకట్టు పెట్టాను. చేతిలో ఒక్క కాగితం లేదు మరి!

అందుకే మొదటి లోడు ఎత్తకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమల సర్కారు నమోదు, చేయించు. చిన్న యూనిట్ల బాకీ గరిష్ఠంగా 45 రోజుల్లో తీర్చాలని 2006 చట్టం. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. అలాగని మొదటి రోజే చట్టం తీసి చూపించకు, ఆర్డరే పోతుంది. ఇన్వాయిస్ మీద గడువు తేదీ వేసి సంతకం తీసుకో, చాలు.

సబ్సిడీ లోను నమ్ముకుని లెక్కలు వెయ్యకు. ప్రధానమంత్రి ఉపాధి పథకంలో ఇచ్చేది కొత్త యూనిట్లకి, పాతదాన్ని లేపితే కాదు.

ఇక అసలు సంగతి, పొట్టు. డొక్క నుంచి పీచు తీశాక మిగిలే ఈ పొట్టుని ఒకప్పుడు రోడ్డు పక్కన గుట్టలు పోసేవాళ్లం. ఇప్పుడదే కోకోపీట్, మొక్కల మట్టిలో కలపడానికి కడియం నర్సరీలవాళ్లు కొంటారు. కానీ అందులో ఉప్పుంటుంది, మంచినీళ్లతో కడగాలి. సముద్రం వైపు బోరు నీళ్లే ఉప్పగా ఉంటే దేంతో కడుగుతావు? షెడ్డు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బోరు నీళ్లు పుక్కిలించి చూడు. తర్వాత ఎండబెట్టే కళ్లం. వానాకాలంలో పీచు ఆరదు. పిడికెడు తీసి పిండితే అరచేతికి తడి అంటుకుంటుంది, అలాంటి సరుకుకి కొనేవాడు రేటు కోస్తాడు.

ఆదివారం నేనూ వస్తాను. డొక్కని కొట్టి పీచు తీసే బీటర్ షాఫ్టు చేత్తో తిప్పి బేరింగు చప్పుడు వింటాను. అప్పటిదాకా లీజు కాగితం మీద సంతకం పెట్టకు.

మీ మావయ్య