డిస్కు తగిలించాక టేపు మాయమైందంటే

మీ సన్ కంపెనీ కంప్యూటర్ స్పార్క్‌స్టేషన్ 5కి బయట రెండో డిస్కు పెట్టగానే, అంతవరకూ బాగానే నడిచిన టేపు డ్రైవు దాని ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 2.6కి కనిపించడం లేదన్నారు. టేపు పోయిందని అప్పుడే అనుకోకండి. నేనలా అనుకునే ఒక వారం పాడుచేసుకున్నాను.

1996లో విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ ఆఫీసులో స్పార్క్‌స్టేషన్ 2 నా చేతిలో ఉండేది. కొత్త డిస్కు తగిలించాను, టేపు మాయం. హెడ్డు మూడుసార్లు తుడిచాను. తీరా చూస్తే డిస్కు పెట్టె వెనక ఐడీ స్విచ్చి 4 మీద ఉంది. ఐడీ అంటే ఒకే కేబుల్ గొలుసు మీదున్న ఒక్కో పరికరానికీ విడిగా ఉండాల్సిన నంబరు. సన్ మెషిన్లలో 4 టేపుకి అలవాటైన నంబరు. 3 లోపలి బూట్ డిస్కుది, 6 సీడీ రామ్‌ది, 7 కంట్రోలర్‌ది. మీది స్పార్క్‌స్టేషన్ 5 కాబట్టి లోపల రెండో డిస్కు ఉంటే 1 కూడా పోయినట్టే. కొత్తదానికి 0 గానీ 2 గానీ పెట్టండి.

స్విచ్చి మార్చేటప్పుడు అన్నీ ఆపేయండి. మళ్ళీ వేసేటప్పుడు ముందు బయటి పెట్టెలు, తర్వాత మెషిన్. ఓఎస్ లోడ్ కాకముందే స్టాప్, ‘ఏ’ (A) మీటలు కలిపి నొక్కి, ఓకే ప్రాంప్ట్ దగ్గర ప్రోబ్-స్కసీ (గొలుసు మీద ఏమేం కనబడుతున్నాయో చూపే కమాండ్) కొట్టండి. అక్కడ టేపు కనబడకపోతే సొలారిస్‌ని తిట్టి లాభం లేదు, తప్పు వైర్లలోనో, ఐడీలోనో, డ్రైవులోనో ఉంది. కనబడితే బూట్ -ఆర్ ఇవ్వండి, డివైస్ ఫైళ్ళు అదే తయారుచేసుకుంటుంది.

నాకు ఐడీ మార్చాక కూడా టేపు చదువుతూ చదువుతూ ఎర్రర్లిచ్చేది. టెర్మినేటర్, అంటే గొలుసు కొసని మూసే ముక్క, మధ్యలో ఉన్న టేపు పెట్టెకే ఉండిపోయింది, చివరి డిస్కుకి లేదు. చివర మూయకపోతే సిగ్నల్ నూతిలో కేకేసినట్టు తిరిగొచ్చి అసలుదాన్ని చెడగొడుతుంది. గొలుసుకి రెండు కొసల్లోనే టెర్మినేషన్ ఉండాలి. మెషిన్ వైపు కొస దానంతటదే చూసుకుంటుంది, మీరు చూడాల్సింది ఆఖరి పెట్టెనే. డిస్కు పెట్టెకి సరిపడే టెర్మినేటర్ మా ఊళ్ళో దొరక్క, ఆ బొటనవేలంత ముక్క కోసం వైజాగ్ బస్సెక్కాను!

ఇంకొక్కటి, ఇది నా సొంత తెలివితక్కువతనం. టేపు కనబడ్డ సంబరంలో మూడు డైరెక్టరీల్ని వరసగా మూడు టార్ (ఫైళ్ళని మూటగట్టి టేపుకి రాసేది) కమాండ్లతో ఆర్‌ఎస్‌టీ0 అనే డివైస్ పేరు వాడి టేపు మీదకి ఎక్కించాను. ఆ పేరు వాడితే పని అవగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది. రెండోది మొదటిదాని మీద, మూడోది రెండోదాని మీద పడ్డాయి. అప్పట్లో నా మెషిన్‌లో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టమ్ సన్‌ఓఎస్‌లో, టేపుని వెనక్కి చుట్టని పేరు ఎన్‌ఆర్‌ఎస్‌టీ0 వాడాల్సింది. మీ సొలారిస్‌లో ఆర్‌ఎమ్‌టీ కింద 0 కాదు, 0ఎన్ వాడండి. రాశాక టార్ టీవీఎఫ్‌తో ఒకసారి చదివి చూసుకోండి. నేను చూసుకోలేదు, మూడు రోజుల టైపింగు మళ్ళీ చేయించాను.

ప్రోబ్-స్కసీలో ఏం వచ్చిందో ఇక్కడ పెడితే చూస్తాను.