బస్తాకి కేజీన్నర

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 36 ఏళ్ళు. ఆరేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్నాను. బావమరిదితో కలిసి ధాన్యం కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. ఈ ఆరేళ్ళలో వేలకొద్దీ కరపత్రాలు పంచాను. తెల్లవారుజామున ఐదింటికి మందిరంలో మైకు వేసేదీ నేనే. ఊళ్ళో ఒక్కరూ మారలేదు సరికదా, నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటున్నారు. అన్నయ్య గృహప్రవేశానికి వెళ్ళలేదని వదిన మాట్లాడటం మానేసింది. మోకాలి నొప్పితో ఉన్న అమ్మ అంతర్వేది తీర్థానికి తీసుకెళ్ళమంటే కుదరదన్నాను. అందరిలాగే తూకంలో బస్తాకి కేజీన్నర తరుగు తీస్తున్నా రైతులు నన్నే ఆడిపోసుకుంటున్నారు. విశ్వాసి లోకానికి వెలుగుగా ఉండాలంటారు. నేనింకా ఏం చెయ్యాలి?

జవాబు: మీరు రాసింది నాలుగు పేజీలండి, పైన కుదించి వేశాం. అందులో కరపత్రాల గురించి పేజీన్నర ఉంది, మైకు గురించి అరపేజీ. తరుగు గురించి ఒక్క వాక్యం. అమ్మ మోకాలి గురించి అరవాక్యం. నాకు పని కనిపించింది ఆ వాక్యంన్నరలోనే.

75 కిలోల బస్తాకి కేజీన్నర అంటే వినడానికి చిన్నదే. దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఎకరానికి 45 బస్తాలు పండాయనుకోండి, 67 కిలోల చిల్లర పోతుంది. దగ్గర దగ్గర ఒక బస్తా. సొంత పొలమున్న ఆసామి గొణుక్కుని ఊరుకుంటాడేమో. కౌలు రైతు సంగతి అలా కాదు. పొలం ఆసామికి మక్తా (కౌలు) బస్తాలు కొలిచేసి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాక అతనికి ఏం మిగులుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. మర్నాడు మీరు అదే చేత్తో కరపత్రం ఇస్తే అతను కాదనడు, మడతపెట్టి జేబులో పెట్టుకుంటాడు. చదివేది మాత్రం కాటా మీద అంకెనే.

నేను మీ మందిరానికి వచ్చే మనిషిని కాదు. మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదివాను గనక కొన్ని మాటలు నోటికొచ్చు. 'దొంగత్రాసు యెహోవాకు హేయము' అని సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం మొదట్లోనే ఉంది. జక్కయ్య కథ మీకు నేను చెప్పాలా? పన్ను వసూళ్ళలో అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నేను నాలుగింతలు అడగటం లేదు. తేమ నిజంగా ఎక్కువుంటే మీటరు రైతు కళ్ళముందు పెట్టి చూపించండి. ప్రభుత్వ కొనుగోలుకి 17 శాతం పరిమితి ఉందని రైతుకీ తెలుసు. తగ్గించాల్సింది ధరలో, నోటితో చెప్పి తగ్గించండి. తూకం జోలికి వెళ్ళకండి.

మీ బావమరిది ఒప్పుకోడు. 'మిల్లులో మన దగ్గర కొట్టేస్తున్నారు, మనమెందుకు మొయ్యాలి' అంటాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఈ ఏడు మీ వాటా లాభం తగ్గుతుంది, తోటి కమీషన్ ఏజెంట్లు రేటు పాడుచేస్తున్నావని మీ మీదకొస్తారు. దేవుడు వేరేవిధంగా ఇచ్చేస్తాడని నేను హామీ ఇవ్వలేను. పోయిన దాళ్వాలో మీకు ధాన్యం తోలిన కౌలు రైతుల పేర్లు చిట్టాలో ఉంటాయి కదా. ముగ్గురితో మొదలుపెట్టండి. పొద్దుగూకాక ఇంటికెళ్ళి ఆ తేడా డబ్బు చేతిలో పెట్టి వచ్చెయ్యండి. ఆదివారం సాక్ష్యంలో చెప్పుకోడానికి దాచుకోకండి, మీకు పుణ్యముంటుంది.

ఇక 'ఒక్కరూ మారలేదు' అన్న లెక్క. మీ చేలకి మొదట నీళ్ళు తెచ్చిన ధవళేశ్వరం పాత ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన కాటన్ దొర భక్తి గల క్రైస్తవుడే. ఇవాళ్టికీ గోదావరి స్నానానికి సంకల్పం చెప్పే పురోహితులు కొందరు 'కాటనుం తం భగీరథం' అని ఆయన్ని తలుచుకుంటారు. ఆ నీళ్ళతో కుంపెనీకి శిస్తూ పెరిగింది, అది వేరే కథ. ఆ శ్లోకం చదివే పంతులుగారు మతం మారలేదు. మీ లెక్క ప్రకారం దొర పనంతా వృథాయేనా?

నా సంగతి ఒకటి చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమ తుపానులో మా పెంకుటిల్లు కప్పు లేచిపోయింది. మా వీధిలో డాబా ఒక్కటే, ఒక పంతులమ్మగారిది. ఆవిడ విశ్వాసి. మేం నలుగురం తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాం. మా అమ్మ చంకలో కృష్ణుడి పటం ఉంది. ఆవిడ ముందు ఆ పటం అందుకుని, తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాల్లో చుట్టి, తన బైబిలు ఉండే అల్మారాలో పైఅరలో పెట్టింది. ఆ తర్వాతే మాకు పొడి బట్టలు, గంజి. మూడు రోజులున్నాం. ప్రార్థనకి కూర్చోమని ఒక్కసారి అనలేదు. తను మాత్రం లాంతరు పక్కన కూర్చుని చేసుకునేది, మేమంతా తెలియకుండానే గొంతులు తగ్గించేవాళ్ళం. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. మా అమ్మ ఇప్పటికీ క్రిస్మస్‌కి అరిసెలు వండి ఆ ఇంటికి పంపుతుంది.

అన్నయ్య ఇంటి విషయం. ప్రసాదం తినాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి, నేను వేలు పెట్టను. కానీ ప్రసాదం వద్దనడం వేరు, అసలు గడపే తొక్కకపోవడం వేరు. ఆ రోజు పందిరి గుంజలు పాతడానికీ, వడ్డనకీ మనుషులు కావలసివచ్చి ఉంటారు, మీరు లేరు. మీ వదిన బాధ అదే అయ్యుంటుంది. ఈ వారంలో వెళ్ళండి. ఉత్త చేతులతో వెళ్ళకండి, బైబిలుతోనూ వెళ్ళకండి. అరటిపళ్ళు పట్టుకెళ్ళి 'వదినా, ఆ రోజు రాకపోవడం నాదే తప్పు' అనండి. అంతకన్నా పొడిగించొద్దు.

మైకు సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. రాత్రి పదినుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకరు వెయ్యకూడదని 2000 నాటి నిబంధనలున్నాయి. గుడికైనా, మసీదుకైనా, మీకైనా అంతే. ఆపెయ్యండి.

అమ్మని అంతర్వేది తీసుకెళ్ళండి. మిమ్మల్ని గుళ్ళోకి వెళ్ళమనడం లేదు. నరసాపురం రేవులో చెయ్యి పట్టుకుని పంటు ఎక్కించి, సఖినేటిపల్లిలో దింపి, ఆటోలో గుడిదాకా చేర్చి, ఆవిడ వచ్చేదాకా బయట చెట్టుకింద చెప్పులు కాపలా కాయండి. మెట్లు దిగేటప్పుడు ఆవిడ ఏ కాలు మీద బరువు వేస్తోందో చూడండి, డాక్టరు అడుగుతారు. కానీ తీర్థానికి ముందే ఎక్స్‌రే తీయించండి. తీయించాక ఏమన్నారో నాకు రాయండి, ఈసారి కరపత్రాల లెక్క లేకపోయినా పర్లేదు.