మాస్కు పెట్టుకుంటే గాభరా పడుతున్న రవికి

చి. రవికి, పెదనాన్న ఆశీస్సులు.

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి పంపే సీపాప్ మిషన్ వచ్చాక గురక పోయింది గానీ టెన్షన్ పోలేదని, మాస్కు పెట్టగానే ఊపిరాడనట్టు ఉంటోందని మీ అమ్మ చెప్పింది. ఏళ్ల తరబడి ఈ మిషన్‌తోనే పడుకుంటున్నవాణ్ని కనుక రాస్తున్నాను.

నువ్వు పిరికివాడివి కాదు, ముందు అది నమ్ము. నిద్రలో 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఆప్నియా అంటారు. అలా గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైనట్టు, నీది అదే. ఆగినప్పుడల్లా ఆక్సిజన్ తగ్గుతుంది, అడ్రినలిన్ ఎగుస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఇన్నేళ్లు రాత్రంతా ఉలిక్కిపడ్డ ఒళ్లు నాలుగు రోజుల్లో కుదుటపడదు. కొందరికి మిషన్‌తోనే దిగులు, చిరాకు తగ్గుతాయి. తగ్గకపోతే మిషన్ మానకుండానే ఆందోళనకు విడిగా వైద్యం చేయించుకోవాలి.

మాస్కు భయాన్ని పగలే పోగొట్టుకోవాలి. సాయంత్రం టీవీ చూస్తూ, మిషన్ లేకుండా, మాస్కును చేత్తో ముఖానికి ఆనించుకో. అది అలవాటయ్యాక పట్టీలు బిగించు. తర్వాత మిషన్ వేసుకుని మెలకువగా కూర్చో. ఆపైన మధ్యాహ్నం కునుకు, చివరికి రాత్రి నిద్ర. గాభరా తగ్గేదాకా ఒక్కోచోట ఎన్నాళ్లయినా ఆగు. గాలి నెమ్మదిగా మొదలయ్యేలా ర్యాంప్ పెట్టమని అడుగు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కులూ ఉన్నాయి, వాటితో ముఖం మూసేసినట్టు ఉండదు. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్‌లో బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయి. మిషన్‌ను ఇన్వర్టర్‌కు కలిపించు, కరెంటు పోతుందేమోనన్న బెంగ ఒకటి తగ్గుతుంది.

ఇక నీ స్వభావం. చిన్నప్పుడు జ్వరమొచ్చినా మేం నుదురు ముట్టుకుని చూసేదాకా చెప్పేవాడివి కాదు. ఎప్పుడూ దిగులుగా ఉంటూ, దాన్ని ఎవరికీ చెప్పుకోని వాళ్లకు ఈ మిషన్‌తో ఇబ్బందులు ఎక్కువని, వాడకం తక్కువని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. దాచుకునేవాళ్ల మిషన్లే అటకెక్కుతాయని నాకూ అనిపిస్తుంది. స్వభావం మార్చుకోమనను. మాస్కు ఎక్కడ ఒరుసుకుంటోందో, ఏ రాత్రి తీసి పక్కన పడేశావో, అంతవరకు డాక్టరుకు చెప్పు చాలు.

నిద్ర పట్టట్లేదని ఆల్ప్రజొలామ్ లాంటి మాత్రలు సొంతంగా వేసుకోకు. తాగుడు కూడా వద్దు. రెండూ గొంతు కండరాలను వదులు చేసి ఊపిరిని ఇంకా ఆపుతాయి. మనసు బాగా బరువెక్కితే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే సహాయ లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఎర్రగడ్డ పేరు చెప్తే జనం నవ్వుతారని భయపడి ఆగిపోకురా.

మలక్‌పేటలో మెట్రో ఎక్కితే నేరుగా మియాపూరే కదా, శనివారం వస్తాను. మాస్కు, మిషన్ వాడకం నమోదయ్యే కార్డు సంచిలో పెట్టుకుని ఉండు, ఇద్దరం కలిసే డాక్టరు దగ్గరికి వెళ్దాం.

మీ పెదనాన్న