మోకాళ్లు కటకటమంటే గుజ్జు అరిగిపోయినట్టేనా?

ప్రశ్న: నా వయసు 29. కింద కూర్చుని లేస్తుంటే, మెట్లెక్కుతుంటే మోకాళ్లు కటకటమంటున్నాయి. నొప్పి, వాపు లేవు. చిన్నప్పటి నుంచి మెటికలు విరిచే అలవాటు కూడా ఉంది. గుజ్జు అరిగిపోయిందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఎక్స్‌రే తీయించుకోవాలా? గుజ్జు పెరిగే మాత్రలు వాడమంటారా?

జవాబు: నొప్పి, వాపు లేవని రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం అదే. కీళ్లలో శబ్దం తప్ప మరే ఇబ్బందీ లేకపోతే అది జబ్బు కావడం అరుదు. మీకు ఇప్పుడు ఎక్స్‌రే అక్కర్లేదు, మాత్రలూ అక్కర్లేదు.

ముందు మెటికల సంగతి చూద్దాం. కీలులో రెండు ఎముకల మధ్య జిగటగా ఉండే ద్రవం కొద్దిగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు అందులో కరిగి ఉంటాయి. వేలిని లాగినా, బాగా వంచినా ఆ ఎముకలు ఒక్కసారిగా ఎడమవుతాయి. లోపలి ఒత్తిడి పడిపోయి వాయువు బుడగ కడుతుంది. ‘టప్’మనేది అప్పుడే. బుడగ పుట్టడం వల్ల ఆ చప్పుడు వస్తుందా, అది కుంచించుకుపోవడం వల్ల వస్తుందా అన్న చర్చ దశాబ్దాలుగా ఉంది. 2015లో ఎంఆర్‌ఐ యంత్రంలోనే మెటికలు విరిచి చూశారు. చప్పుడయ్యే క్షణంలోనే కీలులో ఖాళీ ఏర్పడటం అందులో కనిపించింది. ఎలా చూసినా ఎముకలు ఒరుసుకోవడం దీనికి కారణం కాదు. కావాలంటే ఇప్పుడే విరిచిన వేలిని మళ్లీ విరవబోయి చూడండి, చప్పుడు రాదు. ఆ వాయువు తిరిగి ద్రవంలో కలవడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది.

మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న భయం ఇంకా పోలేదు. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టర్ దాదాపు 60 ఏళ్లపాటు ఎడమచేతి మెటికలే విరుస్తూ, కుడిచేతిని వదిలేశారు. చివరికి రెండు చేతుల్లోనూ ఆర్థరైటిస్ లేదని 1998లో ఒక వైద్య పత్రికకు రాశారు. ఒక్క మనిషి అనుభవాన్ని రుజువుగా తీసుకోలేం కానీ, ఎక్కువమందిని పరిశీలించిన అధ్యయనాల్లో కూడా ఈ అలవాటుకూ కీళ్ల అరుగుదలకూ సంబంధం కనిపించలేదు. విరిచేటప్పుడు నొప్పి వస్తే మాత్రం ఆపేయండి.

మోకాళ్ల విషయం కాస్త వేరు. అక్కడ బుడగలతో పాటు ఇతర కారణాలూ ఉంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ ఎముక ఎత్తు మీదుగా జారి, చిటిక వేసినట్టు టక్కుమంటుంది. మోకాలిచిప్ప తన గాడిలో కదిలేటప్పుడు కూడా శబ్దం వస్తుంది. కుర్చీలో కూర్చుని, మోకాలిచిప్ప మీద అరచెయ్యి పెట్టి, కాలిని మెల్లగా చాపండి. చేతికి సన్నగా గరగరలాడినట్టు తగలొచ్చు. నొప్పి లేనివాళ్లలో కూడా ఇది చాలామందికి ఉంటుంది. తొడ ముందు కండరాలు బలహీనంగా ఉన్నా, గంటల తరబడి కదలకుండా కూర్చున్నా ఎక్కువగా తెలుస్తుంది.

అందుకే మాత్రల మీద పెట్టే డబ్బు కంటే తొడ కండరాల మీద పెట్టే సమయం మీకు మేలు చేస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ బిగించి, 5 సెకన్లు ఉంచి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజూ చేయండి. బరువు ఎక్కువ ఉంటే తగ్గించుకోండి. ఇక గుజ్జు మాత్రలంటారా, నిజంగా కీళ్లు అరిగినవాళ్లలోనే వాటి ఫలితం అంతంతమాత్రం. మీలాంటి వాళ్లకు వాటితో పనేలేదు.

నడివయసు దాటాక లెక్క కొంచెం మారుతుంది. ఆ వయసులో మోకాళ్లు తరచూ చప్పుడు చేస్తుంటే, ముందుముందు నొప్పితో కూడిన అరుగుదల వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అప్పుడు కూడా భయపడిపోవద్దు, నొప్పి మొదలైతే మాత్రం చూపించుకోవాలి.

ఏ వయసువాళ్లయినా కొన్నిటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆటలోనో, పడినప్పుడో మోకాలు ‘టప్’మని, కొద్ది గంటల్లోనే వాచిపోతే లిగమెంట్ (ఎముకనూ ఎముకనూ కలిపి ఉంచే పట్టీ) తెగి ఉండొచ్చు. నడుస్తూ నడుస్తూ మోకాలు పట్టేసి చాపలేకపోతే లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి అడ్డుపడి ఉండొచ్చు. పొద్దున లేచాక కీళ్ల బిగుతు అరగంటకు పైగా ఉంటుంటే రక్తపరీక్షలు అవసరమవుతాయి. కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. మెటికలు విరిచే అలవాటున్న కొందరు మెడను కూడా చేత్తో పట్టుకుని విసురుగా తిప్పి చప్పుడు చేస్తుంటారు. అలా చేసినప్పుడు మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ చీలి పక్షవాతం రావడం అరుదే అయినా, వచ్చిన సందర్భాలున్నాయి. మీకు ఆ అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.