బెంగళూరులో మేడ మీద నుంచి టెలిస్కోప్‌తో గురుడు, శని, నెబ్యులాల ఫోటోలు తీయడం కుదురుతుందా? 40 వేల లోపు ఏది కొనాలి?

కుదురుతుంది, కానీ మూడూ కాదు. మీరు రాసిన వివరాలు చదివాను: మారతహళ్లిలో నాలుగో అంతస్తు ఫ్లాట్, మేడ తాళం దొరుకుతుంది, బడ్జెట్ 40 వేలు, గురుడు, శని, ఓరియన్ నెబ్యులా (అంతరిక్షంలో వెలిగే వాయు మేఘం) కావాలి. గ్రహాలకూ చందమామకూ మీ మేడ చాలు. నెబ్యులాది పూర్తిగా వేరే దారి. రెండిటికీ ఒకే టెలిస్కోప్ అనుకుని దిగితే నాలాగే ఏడాదిన్నర పోగొట్టుకుంటారు.

నేనుండేది కె.ఆర్.పురం వైపు. 2020 డిసెంబర్ 21 సాయంత్రం గురుడు, శని ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనబడ్డాయి, గుర్తుందా? ఆ ఊపులో ఆన్‌లైన్‌లో ఆరున్నర వేలు పెట్టి ఒక టెలిస్కోప్ తెప్పించాను. పెట్టె మీద 675 రెట్లు అని పెద్దక్షరాలు, పక్కనే ఏదో గెలాక్సీ బొమ్మ. లోపల అద్దం చూస్తే 76 మిల్లీమీటర్లు. అద్దం ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు దాకా పెద్దది చేసి చూడొచ్చన్నది అందరూ వాడే లెక్క. అంటే నా దానికి 150, అదీ గాలి బాగుంటే. ఇక ట్రైపాడ్ కాళ్లు ఎంత సన్నగా ఉండేవంటే, ఫోకస్ సరిచేద్దామని వేలు తగిలిస్తే చాలు, గురుడు ఊగుతూ బయటికి పోయి ఊగుతూ తిరిగొచ్చేవాడు. పెట్టె మీద రెట్లు ఎంత పెద్దగా రాసుంటే ఆ టెలిస్కోప్‌కి అంత దూరంగా ఉండండి.

తర్వాత అమెరికా వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర 6 అంగుళాల డాబ్సోనియన్ 28 వేలకు తీసుకున్నాను. మీకూ అదే చెబుతాను. 150 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి ఉన్న దూరం). ట్రైపాడ్ లేదు, మోటార్ లేదు, అడుగున గుండ్రంగా తిరిగే చెక్క పీట, అంతే. డబ్బంతా అద్దానికే పోతుంది, పీట కదలదు. ఇబ్బందల్లా సైజు. అటక మీద పట్టదు, మంచం కింద దూరదు. మా ఆవిడ దానికి మొదటిరోజే గీజర్ అని పేరు పెట్టింది, మూడేళ్లుగా అదే పేరు.

మొదటి రెండు నెలలు కెమెరా జోలికి పోకండి, ఫోన్ చాలు. చందమామతో మొదలుపెట్టండి, అయితే పౌర్ణమి నాడు కాదు. పౌర్ణమికి ఎండ నిట్టనిలువుగా పడుతుంది కాబట్టి గుంటలకు నీడలుండవు, ఫోటో అప్పడంలా వస్తుంది. క్యాలెండర్‌లో శుద్ధ షష్ఠి నుంచి దశమి దాకా చూసుకోండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల అంచులకు పొడుగు నీడలు పడతాయి, అందమంతా అక్కడే. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్) పెడితే 48 రెట్లు వస్తుంది, చందమామ మొత్తం పడుతుంది. ఫోన్‌ని ఐపీస్‌కి బిగించే క్లాంప్ తప్పకుండా కొనండి. చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో చెబుతాను: ఫోన్ కెమెరా ఐపీస్ మధ్యకు సరిగ్గా రావాలి, కొంచెం పక్కకు జరిగినా తెర నల్లగా అయిపోతుంది. ఎలాగో కుదిరి చందమామ కనబడిందనుకుంటే, బటన్ నొక్కే లోపు భూమి తిరుగుడుకి అది పక్కకు జారిపోతుంది. క్లాంప్ బిగించాక చందమామ మీద వేలు అదిమి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు బాగా కిందికి లాగి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. వైర్ ఇయర్‌ఫోన్ ఉంటే దాని వాల్యూమ్ బటనే షట్టర్‌గా పనిచేస్తుంది, ఫోన్‌ని తాకక్కర్లేదు.

ఇక గాలి సంగతి. నాకు ఇది ఆలస్యంగా అర్థమైంది. గురుడి ఫోటో మసకగా వస్తే నేను అద్దాన్ని అనుమానించాను, ఐపీస్ మార్చాను, ఇంకో నాలుగు వేలు తగలేశాను. తప్పు మేడది. పగలంతా ఎండకు కాగిన సిమెంటు రాత్రి పదింటి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి మీదుగా చూస్తే గురుడు మరిగే నూనెలో వేసిన బూరెలా కదులుతుంటాడు. ఏడున్నరకు కనబడిన గురుడూ పదకొండున్నరకు కనబడిన గురుడూ వేరువేరు గ్రహాలా అనిపిస్తాయి. అద్దం కూడా గదిలోంచి తెచ్చాక బయటి చలికి సర్దుకోవాలి, కనీసం అరగంట. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల మీదుగా చూడకండి, చెట్లున్న వైపు ఎంచుకోండి. ఇంకో విచిత్రం: నక్షత్రాలు తళతళా మెరుస్తూ ఆకాశం కడిగినట్టున్న రాత్రి మనకు మంచిది కాదు, ఆ తళతళే గాలి అలజడి. ఆకాశం కొంచెం మసకమసకగా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి గ్రహాలు అచ్చు గుద్దినట్టు నిలబడతాయి.

ఈ విషయంలో మనం అదృష్టవంతులమే. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, గ్రహాలు దాదాపు నడినెత్తికి వస్తాయి. పైకి చూసేకొద్దీ అడ్డం వచ్చే గాలి తక్కువ. చలికాలంలో ఉత్తరాది వాళ్లను సతాయించే జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తున జోరుగా వీచే గాలి) మన దాకా అంతగా దిగదు. అయితే డాబ్సోనియన్‌ని సరిగ్గా నెత్తి మీదికి తిప్పినప్పుడు అడ్డంగా నెట్టడం చాలా కష్టం, గురుడు అక్కడికి చేరే ముందో దాటాకో తీయండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బులతో పెద్దగా పని జరగదు. నా మంచి ఫోటోలన్నీ డిసెంబర్, మార్చి మధ్యవే.

గ్రహాలను ఫోటో తీయరు, వీడియో తీస్తారు. సెకనుకు యాభైకి పైగా ఫ్రేములు తీస్తే వాటిలో కొన్ని గాలి క్షణకాలం ఆగినప్పుడు పడినవి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. నేను ఐపీస్ తీసేసి ఆ రంధ్రంలో 1280 బై 960 పిక్సెళ్ల పాత ప్లానెటరీ కెమెరా పెడతాను, దాని వైరు ల్యాప్‌టాప్‌కి పోతుంది. సెకండ్ హ్యాండ్‌లో తొమ్మిది వేలైంది. నా టెలిస్కోప్‌లో గురుడు సెన్సర్ మీద 70 పిక్సెళ్ల వెడల్పుంటాడు, 2ఎక్స్ బార్లో (బొమ్మను రెట్టింపు చేసే లెన్స్) పెడితే 140. ఇంతేనా అనుకోకండి, రెండు పట్టీలు, ఎర్రమచ్చ, వరస బాగుంటే ఒక ఉపగ్రహం నీడ కూడా అందులోనే కనబడతాయి. మోటార్ లేదు కాబట్టి గురుడు ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరికి నిమిషంలోపు దాటిపోతాడు, బార్లోతో అయితే అరనిమిషం. దాటగానే గొట్టాన్ని నెట్టి మళ్లీ మొదటి అంచుకు తెచ్చి వదిలేయడమే. ఇలా రెండు నిమిషాలు. అంతకన్నా సాగదీస్తే గురుడే తన చుట్టూ తాను తిరిగి వివరాలు అలుక్కుపోతాయి, ఆయన రోజు పది గంటలు కూడా లేదు మరి.

దీనికి నేను వాడేవి నాలుగు కంప్యూటర్ ప్రోగ్రాములు: షార్ప్‌క్యాప్‌తో రికార్డు చేసి, పిప్‌లో గ్రహాన్ని ప్రతి ఫ్రేములో మధ్యకు తెచ్చి, ఆటోస్టాకర్ట్‌లో మంచి 20 శాతం ఫ్రేములు పేర్చి, రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్స్ (సన్న వివరాలకు పదును పెట్టే స్లైడర్లు) జరపడం. మొదటిసారి ఆ స్లైడర్ జరిపి మసక ముద్దలోంచి పట్టీలు బయటికి రావడం చూస్తే చేయి ఆగదు. అక్కడే ఆపండి. నేను ఆపలేదు. నా మొదటి గురుడి అంచు చుట్టూ ఉల్లిపాయ పొరల్లా గీతలున్నాయి, అదే గర్వంగా ఆఫీస్ గ్రూపులో పెట్టాను.

శని గురించి ఒక మాట. 2025 మార్చిలో దాని వలయాలు అంచు మీదుగా మన వైపు తిరిగాయి, ఆ ఏడాదంతా గీత గీసినట్టే ఉన్నాయి. 2022లో తీసిన ఫోటో పక్కన పెడితే ఇది శనేనా అని అడుగుతారు. ఇప్పుడు మళ్లీ ఏటేటా కొంచెం కొంచెం విచ్చుకుంటున్నాయి. మొదట్లో సన్నగా కనబడితే టెలిస్కోప్‌ని తిట్టుకోకండి.

ఇప్పుడు నెబ్యులా. ఓరియన్ నెబ్యులా దగ్గర ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతుంది. నా కెమెరా మీద అది 23 పిక్సెళ్లు. నెబ్యులాకు నిమిషాల కొద్దీ వెలుగు పట్టాలి, మనకేమో సెకనుకే చుక్క గీతైపోతుంది. కాబట్టి ఆకాశంతోపాటు తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. ఆకాశం తిరిగేది ధ్రువ నక్షత్రం చుట్టూ కాబట్టి దాన్ని అటు గురిపెట్టి బిగించాలి. బెంగళూరులో ధ్రువుడు ఎక్కడుంటాడు? నేల మీద నుంచి 13 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు, అంటే పిడికెడు కన్నా కాస్త పైన. మా ఉత్తరం వైపు పద్నాలుగు అంతస్తుల టవర్ ఉంది, ధ్రువుడు ఎవరి వంటింట్లోనో ఉంటాడు. పైగా ఇంత తక్కువ అక్షాంశానికి మౌంట్‌ని వంచితే కొన్ని మోడళ్లలో బరువు కట్టిన కడ్డీ ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. చలిదేశాల వాళ్ల వీడియోలు చూసి కొంటే ఇది ముందు తెలియదు, నేను పెట్టె విప్పాకే తెలుసుకున్నాను. వారంలో వెనక్కి పంపేశాను.

ఇంత తిప్పలు పడినా మన ఆకాశం నల్లగా ఉండదు. సిటీ లైట్లకు ఫిల్టర్ వేస్తే పోతుందంటారు. పాత పసుపు సోడియం దీపాల కాలంలో కొంత నిజమే, తెల్ల ఎల్‌ఈడీ అన్ని రంగుల్లోనూ వెలుగు చిమ్ముతుంది కాబట్టి మామూలు ఫిల్టర్ దేన్నని ఆపుతుంది? కోరమంగళలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లే చూడండి: తమ పెద్ద టెలిస్కోప్‌ని తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరులో పెట్టుకున్నారు, 2 మీటర్ల ఇంకోదాన్ని లద్దాఖ్‌లో హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున పెట్టి హోస్కోటె నుంచి నడుపుతున్నారు. వాళ్లకే ఇక్కడ కుదరనిది నాకు కుదరలేదని బాధపడటం మానేశాను.

నా దారి ఇదీ. మా అత్తగారి ఊరు మదనపల్లె అవతల ఉంది, కారులో మూడు గంటలు. అమావాస్య దగ్గర్లో శనాదివారాలు కలిసొస్తే గీజర్‌ని ఇంట్లోనే వదిలేసి పాత డీఎస్‌ఎల్‌ఆర్, 50 మిల్లీమీటర్ల లెన్స్, ట్రైపాడ్ తీసుకుని పోతాను. ఓరియన్ వైపు పెట్టి ఐదేసి సెకన్ల ఫోటోలు రెండు వందలు తీసి సీరిల్ అనే ప్రోగ్రాములో పేరిస్తే నెబ్యులా గులాబీ రంగులో తేలుతుంది. చిన్నదే, కానీ 1,300 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం నుంచి వచ్చిన వెలుగు మన పెరట్లో పడటం మామూలు విషయం కాదు. ఆ రాత్రి మా మామయ్య బయటికి వచ్చి కృత్తికలను చూపించి, "అదిగో పిల్లలకోడి, దాన్ని తీయవా?" అన్నారు. అంతవరకూ ఆ పేరే వినలేదు నేను. తీశాను, ఆయన ఫోన్ వాల్‌పేపర్ ఇప్పుడు అదే.

ఊళ్లకు వెళ్లే తీరిక లేదు, నెబ్యులానే కావాలంటే సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోప్ చూడండి. అదే గురి చూసుకుంటుంది, అదే పేరుస్తుంది, సిటీలోనూ నెబ్యులాలు పట్టుకుంటుంది. నాకైతే అందులో మజా లేదు, ఓవెన్‌లో పెట్టి బటన్ నొక్కినట్టుంటుంది. కానీ ఫలితం వస్తుంది, కాదనను. గ్రహాలు మాత్రం దానిలో చుక్కల్లాగే ఉంటాయి.

మోటార్ లేని డాబ్సోనియన్ చేతులెత్తేసేది ఇంకో చోట, సంపూర్ణ చంద్రగ్రహణం. 2025 సెప్టెంబర్ 7 రాత్రి పదకొండు నుంచి 82 నిమిషాలు చందమామ పూర్తిగా ఎర్రబడింది. ఎర్రబడ్డాక వెలుగు ఎంత పడిపోతుందంటే సెకను, రెండు సెకన్లు పట్టాలి, ఆ లోపు అది జారిపోతుంది. మధ్యలో మబ్బులు. మధ్యలో అమ్మ ఫోన్: "పట్టు స్నానం చేసి ఇంట్లో కూర్చోక మేడ మీద ఏం పనిరా?" నాకు మిగిలింది అరిగిపోయిన ఇటుక ముక్కలాంటి బొమ్మ ఒకటి.

మేడ గురించి కూడా చెప్పాలి. మొదటి వారమే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టారు, రాత్రిపూట ఒకతను ఎదుటి బ్లాకు కిటికీల వైపు గొట్టం పెడుతున్నాడని. మీరు ఆ దాకా తెచ్చుకోకండి. ముందే గ్రూపులో చెప్పి, ఒక ఆదివారం అందరినీ పిలిచి చందమామను చూపించండి. వాచ్‌మన్‌తో స్నేహం తప్పనిసరి, ఫ్లడ్‌లైట్ స్విచ్ ఆయన దగ్గరే ఉంటుంది. మా వాచ్‌మన్‌ది రాయచోటి వైపు. నేను బ్యాగుతో లిఫ్టు దగ్గర కనబడితే చాలు, "ఈపొద్దు శనిదేవుడా, గురుడా సార్?" అని అడిగి లైటు ఆపేస్తాడు. పగలు పిల్లలెవరైనా గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పకుండా చూసుకోండి. ముందు వైపు సోలార్ ఫిల్టర్ లేకుండా అందులోంచి సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది.

మీ 40 వేలలో 30 డాబ్సోనియన్‌కి పెట్టండి, మిగతాది ఆరు నెలల తర్వాత కెమెరాకు ఉంచండి. సెకండ్ హ్యాండ్ అయితే పగలే వెళ్లి చూడండి. గొట్టం లోపలికి టార్చ్ కొట్టి చూస్తే అద్దం మీద దుమ్ము భయంకరంగా కనబడుతుంది. గీతలు, పూత ఊడిన మచ్చలు ఉంటే వదిలేయండి. ఉత్త దుమ్మే అయితే ఫోటోకి ఏమీ కాదు, తుడవకండి కూడా. ఈ సంగతి అమ్మేవాళ్లకు చెప్పకుండా రెండు వేలు తగ్గించమనండి.